తెరచాప పడవలో నార్ఫోక్ నుంచి మయామీ దాకా: ఇంట్రాకోస్టల్ జలమార్గానికి సమగ్ర మార్గదర్శి

అమెరికా తూర్పు తీరం పొడవునా, సముద్రానికి కాస్త లోపలగా, నదులనూ ఉప్పునీటి కయ్యలనూ తవ్విన కాలువలనూ కలుపుకుంటూ ఒక జలమార్గం ఉంది. అట్లాంటిక్ ఇంట్రాకోస్టల్ వాటర్‌వే దాని పూర్తి పేరు. పడవవాళ్లు ఐసీడబ్ల్యూ అనేస్తారు. వర్జీనియాలో నార్ఫోక్, పోర్ట్స్‌మత్ ఊళ్ల మధ్య ఎలిజబెత్ నదిలో, హాస్పిటల్ పాయింట్ దగ్గరున్న 36వ నంబరు ఎర్ర బోయా (నీటిలో తేలే గుర్తు) దీనికి సున్నా మైలు. అక్కణ్ణుంచి మయామీకి సుమారు 1,090 మైళ్లు. ఎన్నో ఓడల్ని మింగిన కేప్ హటెరస్ అనే భూశిరాన్ని చుట్టకుండా దక్షిణాదికి చేరుకునే దారి ఇది.

తెరచాప పడవలో వెళ్దామనుకునేవాళ్లు మొదట గాలి గురించి అడుగుతారు. ఈ దారిలో అంతకంటే ముందు అడగాల్సింది ఆటుపోట్ల గురించి. చాలాచోట్ల కాలువ ఇరుకు. ఎదురుగాలి వస్తే చాప అటూ ఇటూ మార్చుకుంటూ వెళ్లేందుకు చోటుండదు కాబట్టి ప్రయాణంలో ఎక్కువ భాగం ఇంజను మీదే సాగుతుంది, చాప తోడు మాత్రమే. ఇసుక మేట మీద ఎంత నీరుంది, వంతెన కింద ఎంత ఖాళీ ఉంది, ప్రవాహం ముందుకు తోస్తుందా వెనక్కి లాగుతుందా అన్నవి మాత్రం గంటగంటకీ మారిపోతాయి. ఆ వేళలు పట్టుకోగలిగితే మిగతాదంతా ఓపికతో అయిపోయే పని.

మొదటి అడుగు: పడవను కింద నుంచి పైదాకా కొలవండి

రెండు కొలతలు కావాలి. నీటిమట్టం నుంచి కీల్ (పడవ అడుగున కిందికి దిగి ఉండే భాగం) అడుగు దాకా ఎంత, నీటిమట్టం నుంచి తెరచాప కొయ్య చివర దాకా ఎంత. పడవ తయారుచేసినవాళ్ల పుస్తకంలో ఉన్న అంకెల్ని నమ్ముకోవద్దు. నీళ్లు, డీజిల్, సామాను నింపాక పడవ కిందికి దిగుతుంది. కొయ్య చివర బిగించిన రేడియో యాంటెన్నా, దీపం, గాలి కొలిచే పరికరం పుస్తకంలోని లెక్కలో ఉండవు.

గాలి లేని రోజున, పడవ నిండుగా ఉన్నప్పుడు, చాప ఎత్తే తాడుకి పొడవాటి కొలత టేపు కట్టి పైకి లాగండి. రెండో మనిషి నీటి అంచు దగ్గర అంకె చదవాలి. తాడు ఆగిన చోటు నుంచి యాంటెన్నా కొస దాకా ఉన్న ఎత్తుని దానికి కలపండి. వచ్చిన అంకెని చుక్కాని దగ్గర కనబడేలా రాసి అంటించండి.

ఈ దారిలో ఎత్తుగా కట్టిన స్థిర వంతెనలకు ప్రమాణం 65 అడుగులు, అదీ సగటు పోటు మట్టం నుంచి. మీ అంకె 63 లోపు ఉంటే నిశ్చింతగా వెళ్లొచ్చు. 64 అయితే ప్రతి వంతెన దగ్గరా నీరు తీసేదాకా ఆగాల్సి రావచ్చు. నార్త్ కరోలినాలో అలిగేటర్–పంగో కాలువ చివరనున్న విల్కర్సన్ వంతెన 64 అడుగులే అని పడవవాళ్లందరికీ తెలుసు. మయామీలో జూలియా టటిల్ వంతెన 56 అడుగులే. దాని సంగతి చివర్లో చెబుతాను.

లోతు విషయానికొస్తే, నార్ఫోక్ నుంచి ఫోర్ట్ పియర్స్ దాకా 12 అడుగులు, అక్కణ్ణుంచి మయామీకి 10 అడుగులు ఉండాలని ప్రభుత్వ లెక్క. మేట పడ్డచోట అందులో సగం కూడా ఉండదు. కీల్ 5 అడుగులైతే హాయిగా వెళ్తారు. 6 దాటితే ప్రతిరోజూ ఆటుపోట్ల పట్టిక ముందేసుకుని కూర్చోక తప్పదు.

ఎప్పుడు బయల్దేరాలి, రోజుకి ఎంత దూరం

అట్లాంటిక్ తుఫానుల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. నార్ఫోక్ ప్రాంతంలో అక్టోబరు నెలంతా దక్షిణానికి వెళ్లే పడవలు పోగవుతాయి. ఫలానా తేదీ కంటే ముందు ఫలానా అక్షాంశం దాటి దక్షిణానికి వెళ్లకూడదని బీమా పాలసీల్లో తరచుగా షరతు ఉంటుంది. కదిలే ముందు మీ పాలసీ ఒకసారి పూర్తిగా చదవండి. అక్టోబరు మధ్యలో బయల్దేరడం మంచిదని నా అభిప్రాయం. ఇంకా ఆలస్యమైతే నార్త్ కరోలినాలో తెల్లవారుజామున చలికి వేళ్లు కొంకర్లుపోతాయి, పగలు కూడా చిన్నదైపోతుంది.

ఐసీడబ్ల్యూ చార్టుల మీది మైళ్లు సముద్రపు మైళ్లు కావు, నేల మీది మామూలు మైళ్లే. నాట్ అంటే గంటకి ఒక సముద్రపు మైలు; 6 నాట్ల వేగమంటే గంటకి 7 మామూలు మైళ్లకి కొంచెం తక్కువ. పగలు ఏడెనిమిది గంటలు నడిపితే 50 మైళ్లు. ఆ లెక్కన మయామీకి 22 రోజులు నడిపే పని. వాతావరణం బాగోలేని రోజులు, మరమ్మతు రోజులు, నచ్చిన ఊళ్లో ఆగిన రోజులు కలుపుకుంటే ఐదారు వారాలు పెట్టుకోవాలి. రాత్రిపూట ఈ కాలువల్లో నడపొద్దు. దీపం లేని గుర్తులు, తేలే దుంగలు, పీతల బోనుల తాళ్లు ఏవీ కనబడవు.

ఇంజను, పత్రాలు

ప్రయాణమంతా ఇంజను మీదే కాబట్టి మీ శ్రద్ధలో సగం దానిదే. చల్లబరిచే నీటి పంపుకి విడి ఇంపెల్లర్ (పంపు లోపల తిరిగే రబ్బరు చక్రం), డీజిల్ ఫిల్టర్లు అరడజను, బెల్టు, ఆయిలు దగ్గరుండాలి. ఇంపెల్లర్ మార్చడం రేవులో ఉండగానే ఒకసారి చేసి చూసుకోండి. రోజూ పొద్దున్నే నీటి జల్లెడ తెరిచి నాచు తీసేయండి. పెద్ద పడవల అలలకి ట్యాంకు అడుగునున్న మడ్డి లేచి ఫిల్టర్లు మూసుకుపోవడం ఇక్కడ మామూలే.

మనిషికో లైఫ్ జాకెట్, నీళ్లలో పడ్డవాళ్లకి విసిరే తేలుడు సాధనం, సంకేత జ్వాలలు, హారన్, పడవలతోనూ వంతెనలతోనూ మాట్లాడేందుకు వీహెచ్‌ఎఫ్ రేడియో ఉండాలి. ఫ్లోరిడాలో 1988 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు 10 అశ్వశక్తి, అంతకు పైబడ్డ ఇంజను పడవ నడపాలంటే బోటింగ్ భద్రతా కార్డు కావాలి. తీరానికి 3 మైళ్ల లోపల శుద్ధి చేయని మరుగుదొడ్డి మలినాన్ని నీటిలోకి వదలడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మరుగు ట్యాంకు వాల్వుని మూసి, తెరుచుకోకుండా బిగించి ఉంచాలి.

గుర్తులు చదవడం

దక్షిణానికి వెళ్తున్నప్పుడు ఎర్ర గుర్తులు మీ కుడివైపు, అంటే ప్రధాన భూభాగం వైపు. ఆకుపచ్చవి ఎడమవైపు, సముద్రం వైపు. తిరుగు ప్రయాణంలో ఇది తారుమారు.

చిక్కంతా మొగల దగ్గర వస్తుంది. మొగ అంటే జలమార్గం సముద్రంలోకి తెరుచుకునే చోటు; ప్రతి మొగకీ సొంత గుర్తులుంటాయి, అవి సముద్రం నుంచి లోపలికి వచ్చేవాళ్ల కోసం పెట్టినవి. మీ కాలువ ఆ మొగని అడ్డంగా దాటుతుంది కాబట్టి కొంతదూరం ఎరుపు, ఆకుపచ్చలు మీకు తప్పు వైపున ఉన్నట్టు కనబడతాయి. అప్పుడు రంగుని పక్కనపెట్టి, గుర్తు మీద అతికించిన చిన్న పసుపు బొమ్మని చూడండి. పసుపు త్రికోణం ఉంటే, గుర్తు ఏ రంగుదైనా సరే, దక్షిణానికి వెళ్లేటప్పుడు దాన్ని కుడివైపు ఉంచుకోవాలి. పసుపు చతురస్రం ఉంటే ఎడమవైపు. ఆకుపచ్చ బోయా మీద పసుపు త్రికోణం కనబడితే కంగారుపడకుండా దాన్ని కుడికి వదిలి వెళ్లండి. బైనాక్యులర్ ఎప్పుడూ మెడలోనే ఉండాలి.

చార్టు మీద ఐసీడబ్ల్యూ దారిని చూపే ఊదారంగు గీత ఉంటుంది. అది దారి సుమారుగా ఎటు పోతుందో చెబుతుంది గానీ లోతు ఎక్కడుందో చెప్పదు. మేటలు కదులుతాయి, గీత కదలదు. గీత ఒకటీ నీటిలో బోయా ఇంకొకటీ చెబితే బోయా మాటే వినండి. తేలే బోయాలని కోస్ట్ గార్డ్ మేట కదిలినప్పుడల్లా జరుపుతుంది. కాలువల్ని చూసుకునే ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ లోతు సర్వేలు ప్రచురిస్తుంది. రేపు దాటబోయే మేటల సర్వేని ముందురోజు రాత్రే చూసిపెట్టుకోండి.

నార్ఫోక్ దాటాక రెండు దారులు, లాకులు

ఓడరేవు, యుద్ధనౌకలు దాటాక దారి చీలుతుంది. కుడికి తిరిగితే డిస్మల్ స్వాంప్ కాలువ. జార్జ్ వాషింగ్టన్ 1763లో పెట్టుబడి పెట్టిన చిత్తడినేల ఇది. బానిసలుగా బతికినవాళ్లు నడుంలోతు బురదలో నిలబడి చేత్తో తవ్వగా 1805లో కాలువ తెరుచుకుంది. తేనీరు రంగు నీళ్లు, రెండు పక్కలా చెట్లు, అలికిడి లేని దారి. దాని మీద పడవ పోతుంటే ఆ చేతులు గుర్తురావాలని నా కోరిక. లోతు 6 అడుగులే అనుకోండి, అడుగున దుంగలుంటాయి. కీల్ 5 అడుగులు దాటితే ఎడమవైపు వర్జీనియా కట్ అనే రెండో కాలువ మేలు. పెద్ద తుఫానుల తర్వాత డిస్మల్ స్వాంప్‌ని మూసేస్తుంటారు కూడా.

లాకు అంటే తలుపుల మధ్య నీటిని నింపి, తీసి పడవని ఎక్కించే, దించే గది. డిస్మల్ స్వాంప్‌లో డీప్ క్రీక్, సౌత్ మిల్స్ అని రెండు లాకులు. పడవ ఒకచోట దాదాపు 8 అడుగులు ఎక్కి, రెండోచోట దిగుతుంది. వర్జీనియా కట్‌లో గ్రేట్ బ్రిడ్జ్ లాకు ఒక్కటే, అక్కడ ఎక్కి దిగేది కొద్ది అడుగులే. లాకులోకి వెళ్లేముందు రెండు పక్కలా ఫెండర్లు (పడవ గోడకి రాసుకోకుండా కాపాడే మెత్తటి దిండ్లు) వేలాడదీయండి. ముందొక తాడు, వెనకొక తాడు గట్టు మీది గుంజకి చుట్టి, కొస మీ చేతిలోనే పట్టుకోవాలి. పడవకి ముడివేస్తే నీరు దిగేటప్పుడు పడవ ఆ తాడుకి వేలాడిపోతుంది.

వంతెన తెరిపించుకోవడం

తెరుచుకునే వంతెనల్లో కొన్ని అడిగిన వెంటనే తెరుస్తారు, కొన్ని గంటకో అరగంటకో తెరుస్తారు. నగరాల దగ్గర ఆఫీసు వేళల్లో కొన్నింటిని అసలు తెరవరు. వర్జీనియా, నార్త్ కరోలినాల్లో వంతెన మనిషిని వీహెచ్‌ఎఫ్ 13వ ఛానల్‌లో పిలవాలి. సౌత్ కరోలినా, జార్జియా, ఫ్లోరిడాల్లో 9వ ఛానల్‌లో. ముందు వంతెన పేరు, తర్వాత మీ పడవ పేరు, ఎటు వెళ్తున్నారో, తర్వాతి ఓపెనింగ్‌కి దాటాలని చెప్పండి. దాటాక కృతజ్ఞత చెప్పడం ఇక్కడి మర్యాద. రేడియో పనిచేయకపోతే హారన్ ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా.

రైట్స్‌విల్ బీచ్ వంతెన గంటకోసారే తెరుచుకుంటుంది. ఒక్క నిమిషం తేడాతో తప్పిపోతే, ప్రవాహంలో గంటసేపు పడవని ఒకేచోట నిలబెట్టడం పెద్ద శ్రమ. వెనకనుంచి ప్రవాహం తోస్తుంటే వంతెనకి దూరంగా, పడవ ముందు కొసని ప్రవాహానికి ఎదురు తిప్పి ఆగండి. గాలి మరీ ఎక్కువైతే పక్కకి తిరిగే వంతెనల్ని తెరవరు.

పెద్ద కయ్యలు, ఇరుకు కాలువలు

ఆల్బెమార్ల్ సౌండ్, పామ్లికో, న్యూస్ నదులు వెడల్పైనవి, లోతు తక్కువైనవి. వాటి మీద చాప పూర్తిగా విప్పుకోవచ్చు. ఈ ప్రయాణంలో నిజంగా తెరచాప ప్రయాణం అనిపించే రోజులివే. గాలి 20 నాట్లు దాటితే మాత్రం పొట్టి అలలు ఒకదాని వెనకొకటి నిలువుగా లేచి పడవని ఆపేస్తాయి. ఆల్బెమార్ల్ దాటడానికి గాలి తగ్గిన ఉదయం కోసం ఆగండి. ఇక్కడ చంద్రుడి ప్రభావం కంటే గాలి ప్రభావమే ఎక్కువ. గాలి నీటిని ఒక మూలకి నెట్టేస్తే లోతు, వంతెన ఎత్తు రెండూ మారిపోతాయి.

క్యాంప్ లజూన్ దగ్గర మెరైన్ల కాల్పుల అభ్యాసం జరిగేటప్పుడు కాపలా పడవలు దారి ఆపేస్తాయి, చెప్పినంతసేపు ఆగాల్సిందే. మర్టిల్ బీచ్‌కి ఉత్తరాన రాక్ పైల్ అనే ఇరుకు కాలువకి రెండు అంచులా బండరాళ్లుంటాయి. లోపలికి వెళ్లేముందు ఎదురుగా బార్జీ వస్తోందేమో రేడియోలో కనుక్కుని, లేకపోతే మధ్యలో నడపండి.

మేటలు దాటే లెక్క

నార్త్ కరోలినాలో లాక్‌వుడ్స్ ఫాలీ, షాలట్ మొగలు. జార్జియాలో హెల్ గేట్, లిటిల్ మడ్ రివర్, జెకిల్ క్రీక్ పేరుమోసిన మేటలు. జార్జియాలో ఆటుకీ పోటుకీ తేడా 7 నుంచి 9 అడుగులు, అమావాస్య పౌర్ణమిలకు ఇంకాస్త ఎక్కువ. తేడా అంత ఉండటం మంచిదే, వేళ సరిగ్గా పడితే ఎంత మేటనైనా దాటొచ్చు.

ఒక లెక్క వేసి చూద్దాం. సర్వే ప్రకారం మేట మీద సగటు కనిష్ఠ మట్టానికి 4 అడుగుల నీరుంది. మీ కీల్ ఐదున్నర అడుగులు. కింద ఒకటిన్నర అడుగు ఖాళీ కావాలనుకుంటే మొత్తం 7 అడుగులు, అంటే నీరు 3 అడుగులు ఎక్కాలి. ఆరోజు ఆటుకీ పోటుకీ తేడా 8 అడుగులు. నీరు ఎక్కే ఆరు గంటల్లో తేడాని పన్నెండు భాగాలు చేస్తే వరసగా 1, 2, 3, 3, 2, 1 భాగాలు ఎక్కుతుంది. మొదటి గంటకి ముప్పావు అడుగుకి కొంచెం తక్కువ, రెండో గంటకి మొత్తం 2 అడుగులు, మూడో గంటకి 4. అంటే ఆటు అడుగంటిన రెండున్నర గంటల తర్వాత మీకు కావాల్సిన 3 అడుగులు వస్తాయి. అప్పుడు మేటలోకి వెళ్లండి.

నిండు పోటుకే వెళ్తే ఇంకా లోతుంటుంది కదా అనిపిస్తుంది. కానీ నిండు పోటులో నేల తగిలితే తర్వాత నీరు తీయడమే, పడవ పక్కకి ఒరిగి పన్నెండు గంటలు కూర్చుంటుంది. నీరు ఎక్కుతుండగా తగిలితే కాసేపటికి అదే లేపుతుంది. అందుకే ఎక్కే నీటి మీద, మధ్యవేళలో దాటాలి.

మొగని అడ్డంగా దాటేటప్పుడు ప్రవాహం పడవని పక్కకి జరుపుతుంది. ముందున్న బోయా వైపే చూస్తూ నడిపితే, ముక్కు బోయా మీదే ఉంటుంది గానీ పడవ కాలువ అంచుకి పోతుంది. వెనక్కి తిరిగి, దాటొచ్చిన బోయాని కూడా చూస్తూ ఉండండి. ముందు గుర్తు, వెనక గుర్తు, మీరు ఒకే గీతలో ఉండాలి. అందుకు పడవని కొంచెం ఏటవాలుగా నడపాల్సి వస్తుంది.

చార్ల్‌స్టన్ పక్కనున్న ఎలియట్ కట్‌లో ప్రవాహం 3 నాట్లు దాటుతుంది. ఐదున్నర నాట్ల పడవ దానికి ఎదురు వెళ్తే రెండున్నరే మిగులుతుంది. ప్రవాహం మీరు వెళ్లే వైపుకి తిరిగేదాకా ఆగడం అక్కడ తెలివైన పని.

నేల తగిలితే

ఇంజను గట్టిగా తొక్కొద్దు. ముందు వచ్చిన దారినే మెల్లగా వెనక్కి లాగి చూడండి. కదలకపోతే గేరు తీసి నీటి వేళ చూసుకోండి. ఎక్కుతుంటే ప్రవాహం మిమ్మల్ని ఇంకా లోపలికి నెట్టకుండా, చిన్న దోనెలో లంగరుని లోతు వైపు తీసుకెళ్లి వేసి, తాడు బిగించి కూర్చోండి. నీరు తీస్తుంటే ఉన్న సమయం చాలా తక్కువ: చాప బిగించి, మనుషులంతా ఒక పక్కకి చేరి పడవని ఒరిగిస్తే కీల్ కొంచెం లేస్తుంది, అదే లోతు వైపు లంగరు తాడు లాగండి. ప్రాణాపాయం లేనప్పుడు కోస్ట్ గార్డ్ లాగదు. సీ టో, బోట్‌యూఎస్ లాంటి సంస్థల లాగే సేవకి ముందే సభ్యత్వం తీసుకుని బయల్దేరాలి.

లంగరు

లంగరేసే చోట లోతుమాపకం చూపే అంకె ఆ క్షణానిదే. ఆటు వేళ 8 అడుగులు చూపింది; రాత్రికి నీరు 8 అడుగులు ఎక్కుతుంది; పడవ ముందు కొస నీటికి 4 అడుగులు పైన ఉంది. మొత్తం 20. దానికి ఏడింతలు, అంటే 140 అడుగుల తాడూ గొలుసూ వదలాలి. ఇరుకు వాగులో అంత చోటు లేకపోతే పూర్తి గొలుసుతో ఐదింతలు, 100 అడుగులు. ప్రవాహం ఆరేసి గంటలకోసారి దిశ మార్చుకుంటుంది కాబట్టి రాత్రి పడవ పూర్తిగా వెనక్కి తిరుగుతుంది. ఆ వలయంలో మేట గానీ పక్క పడవ గానీ ఉండకూడదు. లంగరు దీపం తప్పనిసరి.

వెనకనుంచి పెద్ద మోటారు బోటు వస్తే

అది నెమ్మదించాలంటే ముందు మీరు నెమ్మదించాలి. మీరు 6 నాట్ల మీదుంటే వాళ్లు అంతకంటే వేగంగా దాటాలి, పెద్ద అల లేవక తప్పదు. రేడియోలో పిలిచి, మీ వేగం మూడుకి తగ్గించి, దారి ఇవ్వండి. వాళ్లు నాలుగైదు నాట్ల మీద అల లేకుండా వెళ్లిపోతారు. వెళ్లగానే వాళ్ల వెనక నీటిలోకి తిరిగితే మీకు కుదుపు ఉండదు.

సముద్రంలోకి వెళ్లి మళ్లీ లోపలికి

జార్జియా మెలికలు విసుగనిపిస్తే, వాతావరణం అనుకూలంగా ఉన్న రోజు చార్ల్‌స్టన్ మొగలో బయటికి వెళ్లి సెయింట్ మేరీస్ మొగలో లోపలికి రావొచ్చు. ఇది రాత్రంతా నడిపే ప్రయాణం. రెండూ ఓడలు తిరిగే లోతైన మొగలు. మధ్యలోని చిన్న మొగల్లోకి స్థానికుల సహాయం లేకుండా వెళ్లొద్దు. లోపలి నీరు బయటికి తీస్తుండగా సముద్రపు గాలి ఎదురొస్తే ఎంత మంచి మొగలోనైనా అలలు విరుగుతాయి.

ఫ్లోరిడా, మయామీ

ఇక్కడ తెరిచే వంతెనలు వరసగా వస్తాయి. ఒకదాని సమయానికి బయల్దేరితే రెండోదానికి అందేలా వేగం కుదుర్చుకోవాలి. మనాటీలనే నీటి జంతువులు తిరిగే చోట్ల వేగ పరిమితి బోర్డులుంటాయి, పాటించకపోతే జరిమానా.

జూలియా టటిల్ కింద మీ కొయ్య పట్టకపోతే ఫోర్ట్ లాడర్‌డేల్‌లో పోర్ట్ ఎవర్‌గ్లేడ్స్ మొగ నుంచి సముద్రంలోకి వెళ్లి, సుమారు 20 సముద్రపు మైళ్లు దక్షిణానికి నడిపి, మయామీ గవర్నమెంట్ కట్‌లో లోపలికి రావాలి. గల్ఫ్ స్ట్రీమ్ అనే సముద్ర ప్రవాహం ఇక్కడ తీరానికి చాలా దగ్గరగా ఉత్తరానికి ప్రవహిస్తుంది, అందుకని ఒడ్డుకి దగ్గరగానే నడపండి. ఉత్తరపు గాలి వీస్తున్న రోజు మాత్రం వద్దు, ఆ ప్రవాహానికి ఎదురుగాలి తగిలి అలలు గోడల్లా లేస్తాయి. క్రూజ్ ఓడలు రేవులో ఉన్నప్పుడు ప్రధాన నౌకామార్గాన్ని చిన్న పడవలకు మూసేస్తారు. అప్పుడు డాడ్జ్ ఐలండ్‌కి దక్షిణంగా ఉన్న ఫిషర్‌మన్స్ ఛానల్ పట్టుకుని బిస్కేన్ బేలోకి రండి.